గీత దాకా నీళ్లు

పొద్దున్నే లేవగానే ఫ్రేములాయన చేసే మొదటి పని, కోడలి కుర్చీ కింది బకెట్టు తీసుకెళ్లి పారబోయడం. రెండోది టీ పెట్టడం. మూడోది, మెట్ల దగ్గర కాచుకుని ఉండే కింది వాటా పంతులమ్మ "ఏవండీ, మళ్లీ కారింది మా పైకప్పు" అంటే "చూస్తానమ్మా" అనడం. చూసేదీ లేదు, చేసేదీ లేదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. అయినా ఒకసారి అడిగేస్తే ఆవిడకి మనసు కుదుటపడేది, ఒకసారి చూస్తానంటే ఈయనకీ పని అయిపోయేది.

ఆ కారేదంతా కోడలి జుట్టులోంచి. ఆయన కొడుకు ఓడలో వంటవాడు. ఒకరోజు పొద్దున తలలు లెక్కపెట్టుకుంటే ఓడలో ఒక మనిషి తక్కువయ్యాడు, వాడు ఆ పిల్లాడే. ఆ కబురు ఫోనులో రాకముందే ఇక్కడ కోడలు అద్దం ముందు నిలబడి, "ఇదేంటి మామయ్యా, ఎంత తుడిచినా తల ఆరట్లేదు" అంది. అప్పటికి ఆ పిల్ల తలస్నానమే చెయ్యలేదు. జడ కొసనుంచి చుక్కచుక్కగా పడి కాళ్ల దగ్గర మడుగు కట్టింది. వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంటే ఉప్పు. ఇక అప్పటినుంచి ఆ తల ఆరింది లేదు.

ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. బట్టలుతికే మెషీన్ల దుకాణంలో ఆమె ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసేది. తెల్ల దుప్పట్ల మీద ఉప్పు మరకలు పడుతున్నాయని దుకాణం యజమాని ఆమెను ఉతికే వైపుకి మార్చాడు. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు చెప్పులు కాస్త అవతలికి జరుపుకునేవాళ్లు. డాక్టరు దగ్గరికి వెళితే, జలుబు చెయ్యకుండా చూసుకోమన్నాడు.

ఫ్రేములాయన పని ఊళ్లోవాళ్ల ఫొటోలకి అద్దాలు కోసి, చెక్క బిగించి ఇవ్వడం. పెళ్లివాళ్లవీ ఆయనే, పోయినవాళ్లవీ ఆయనే. సొంత కొడుకు ఫొటో మాత్రం దుకాణం సొరుగులో బోర్లా పడుకుని ఉంది. దానికి సరిపడా అద్దం కోసి గోడవారన ఆనించి కూడా పెట్టాడు. బిగించలేదు. ఎవరైనా అడిగితే, "దొరకలేదు కదా ఇంకా" అనేవాడు. ఏడ్చాడా అంటే, అదీ లేదు. ఎవరైనా భుజం మీద చెయ్యి వేసి, "ఏడవండి, మనసు తేలికపడుతుంది" అంటే, "ఇంట్లో ఒకరు తడుస్తున్నారు, చాలదా!" అని విసుక్కునేవాడు.

ఒకరోజు బకెట్టు వంచబోతూ ఆగిపోయాడు. అడుగున ఏదో కదిలింది. కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు. ఆవగింజంత నత్త. బకెట్టు గోడ పట్టుకుని, ఎక్కడికో పనున్నట్టు పైకి పాకుతోంది.

"అమ్మాయ్! ఇలా రా ఒకసారి."

కోడలు తువ్వాలు భుజాన వేసుకుని వచ్చింది. ఇద్దరూ బకెట్టులోకి వంగారు. ఆమె జడలోంచి ఒక చుక్క పడితే నత్త కాసేపు ఆగి, మళ్లీ బయల్దేరింది.

"బతికే ఉంది మామయ్యా," అంది కోడలు. ఆ మాట అంటూ ఆయన మొహంలోకి చూసి గబుక్కున తల తిప్పుకుంది.

ఆ ఊరికి సముద్రం చాలా దూరం. ఆయన పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడలేదు. కొడుకు సెలవుల్లో వచ్చి చెబుతుంటే, "నీళ్లే కదరా, అంత గొప్పేముంది" అనేవాడు. ఇప్పుడు ఆ నీళ్లు ఇంట్లోకే వచ్చాయి. ఇన్నాళ్లూ పిచ్చివాడిలా వాటిని మురిక్కాలవలో పోశానే అనుకున్నాడు. కొడుకు ఉన్నచోటి నీళ్లవి.

ఆ పూట దుకాణం తెరవకుండా, నత్తను గాజుసీసాలో వేసుకుని రంగుచేపల దుకాణానికి వెళ్లాడు. దుకాణం నడిపేది ఒక పెద్దావిడ. మాట పెళుసు, చెయ్యి మెత్తన. చేపని వలతో తీసేటప్పుడు చూడాలి ఆవిడని, నిద్రపోయే పసిపిల్లని ఎత్తినట్టు తీస్తుంది.

"ఉప్పునీళ్ల తొట్టా? ఇంతకుముందు చేపల్ని పెంచారా?"

"లేదు."

"అయితే వద్దు. మంచినీళ్ల చేపలు తీసుకెళ్లండి. ఉప్పునీళ్లంటే వేళాకోళం కాదు. ఉప్పు కొలిచి కలపాలి, వేడి చూసుకోవాలి, ఏ కాస్త తేడా వచ్చినా అన్నీ టపటపా పోతాయి. మీరేమో వచ్చి నా మీద పడతారు."

"ఉప్పు కలపక్కర్లేదండి. మా కోడలి తలనీళ్లున్నాయి."

"ఓ, ఆ అమ్మాయి మీ కోడలా! మరి ఆ మాట ముందే చెప్పరే," అని ఆవిడ బల్ల మీద పెట్టిన ఉప్పు సంచీ మళ్లీ కిందికి దించేసింది. "సరే వినండి. అడుగున ఇసుక. దాని మీద రాళ్లు, నేనిస్తాను, మామూలు రాళ్లు కావు, వాటి బొక్కల్లో కంటికి కనబడని ప్రాణులుంటాయి. నీళ్లు తిప్పడానికి పంపు, పైన లైటు. చేప మాత్రం ఇప్పుడే కాదు. ముందు నీళ్లు పండాలి, అంటే నాచు పట్టి చేప బతికేలా మారాలి. అవి పండేదాకా ఖాళీ తొట్టిని చూస్తూ కూర్చోవాలి. కూర్చోగలరా?"

"ఇంట్లో చేస్తున్నది అదే కదండీ," అన్నాడాయన.

ఆవిడ ఒక్క క్షణం ఆయన వంక చూసి గొంతు తగ్గించింది. "నీళ్లు ఎంతవరకు ఉండాలో తొట్టి మీద గీత పెట్టుకోండి. రోజూ కాస్త తగ్గుతూ ఉంటాయి. తగ్గినప్పుడల్లా మళ్లీ గీత దాకా పొయ్యండి."

ఏ నీళ్లు పొయ్యాలో ఆవిడ చెప్పలేదు, అది అందరికీ తెలిసిందే కదా అనుకుంది. ఈయనా అడగలేదు, అందులో అడగడానికేముంది అనుకున్నాడు.

తొట్టి ఆయనే కట్టుకున్నాడు. అద్దం కొయ్యడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. వజ్రం ముల్లు పెట్టి సర్రున గీసి, బల్ల అంచున ఆనించి ఒక్క నొక్కు నొక్కితే ముక్క తెగి చేతికొచ్చేది. అంచులు సానబట్టి, మూలలకి జిగురు పట్టించి, ఎండనిచ్చాడు. ఇంట్లో కిటికీ పక్కన కోడలి కుర్చీకి ఎదురుగా బల్ల వేసి దాని మీద పెట్టాడు. అద్దాల మీద గుర్తులు పెట్టే తెల్ల పెన్సిలుతో పైన అడ్డంగా గీత గీశాడు.

కొన్ని బకెట్లు పోశాక నీళ్లు గీత దాకా వచ్చాయి. నత్తని రాయి మీద వదిలాడు.

మొదట్లో చూడటానికేమీ లేదు. నీళ్లు, రాళ్లు, అంతే. తర్వాత ఇసుక మీద తుప్పులాంటి మరకలొచ్చాయి. అవి పోయి పచ్చటి నాచు పట్టింది. రాతి బొక్కలోంచి వెంట్రుకంత మీసమొకటి బయటికొచ్చి ఊగింది. సాయంత్రం పని నుంచి వచ్చి ఇద్దరూ దాని ముందు కూర్చునేవాళ్లు. "అదిగో మామయ్యా, మళ్లీ వచ్చింది!" అని కోడలు అంటే, "ఏదీ, ఏదీ" అని ఆయన కళ్లద్దాలు వెతుక్కునేవాడు. ఆ కబురొచ్చాక ఆ ఇంట్లో మనిషి గొంతు కాస్త పెద్దగా వినబడింది అప్పుడే.

నీళ్లు పండాయని పెద్దావిడ ఒప్పుకున్నాక, వేలెడంత పసుపు చేప ఒకటి వచ్చింది. ఫ్రేములాయన దానికి పేరు పెట్టలేదు. "ఏరా, తిన్నావా" అనేవాడు, అంతే. ఆ ఏరా అన్న పిలుపు ఎవరిదో కోడలికి తెలుసు. విననట్టు లేచి వెళ్లి తల పిండుకునేది.

ఇదిలా ఉండగా మెషీన్ల దుకాణానికి కొత్త మెకానిక్ ఒకడు వచ్చాడు. నెమ్మదైనవాడు, భార్య పోయి చాలాకాలమైంది. మొదటిరోజే మెషీను కింద పడుకుని బోల్టు విప్పుతూ, మొహం మీద చుక్కలు పడుతుంటే, "ఈ పైపు కూడా కారుతోందే" అన్నాడట. "అది పైపు కాదండీ, నేను" అందట కోడలు. ఇంటికొచ్చి ఆ మాట చెబుతూ ఒకటే నవ్వు. ఆ నవ్వుతోనే జడ విప్పింది. చివర్లు తప్ప తలంతా పొడిగా ఉంది.

ఫ్రేములాయన కూడా నవ్వాడు. నవ్వుతూనే బకెట్టు వంక చూశాడు. అడుగు కూడా తడవలేదు. తొట్టిలో నీళ్లు గీతకి వేలెడు కిందికి దిగి ఉన్నాయి.

ఆయన నవ్వు ఆపి, తెల్ల గీత మీద వేలు పెట్టి చూశాడు.

అక్కడినుంచి రోజురోజుకీ అదే వరస. కోడలు పాట కూనిరాగం తీస్తూ మెట్లెక్కేది. బకెట్టు ఎండిపోయేది. తొట్టిలో గీత పైకీ నీళ్లు కిందికీ అయ్యాయి. ఆయనకి ముద్ద దిగేది కాదు. ఈ నీళ్లు కూడా పోతే వాడికి సంబంధించింది ఇంకేముంది? ఒక ఫొటో. ఫొటోలేముంది, ఊళ్లో అందరికీ ఉంటాయి.

ఒక సాయంత్రం ఆమె అన్నం వడ్డిస్తుంటే, ఉన్నట్టుండి అన్నాడు. "వాడు నిన్ను మొదటిసారి దుకాణానికి తీసుకొచ్చిన రోజు గుర్తుందా అమ్మా? నీ ఫొటోకి ఫ్రేము కట్టమన్నాడు. మనిషి ఎదురుగా ఉండగా ఫొటో ఎందుకురా అంటే, ఈవిడ ఓడలో నా పెట్టెలో పట్టదు నాన్నా, అన్నాడు."

ఆమె గరిటె గిన్నెలో వదిలి తన కుర్చీలో కూర్చుంది. కాసేపటికి ఆమె చెవి వెనకనుంచి సన్నగా ధార మొదలై, మెడ మీదుగా జాకెట్టు తడిపి, కుర్చీ అంచునుంచి కారింది. ఆయన కాలితో బకెట్టు కాస్త దగ్గరికి జరిపాడు.

మర్నాడు తొట్టిలో నీళ్లు గీత దాకా ఉన్నాయి. సిగ్గేసిందా అంటే, వేసింది. వేస్తే మాత్రం, సాయంత్రం కాగానే మళ్లీ నోరు దానంతటదే తెరుచుకునేది. వాడు మొదటిసారి వంట చేసి గిన్నె మాడ్చిన రోజు. వాడు జ్వరంలో ఆమె చెయ్యి వదలకుండా పడుకున్న రోజు. ఏ మాటకి ఎంత కారుతుందో ఆయనకి తెలిసిపోయింది. దుకాణంలో అద్దం కొలిచినట్టే కొలిచి చెప్పేవాడు. ముసలాడు కసాయివాడని కాదు. కొడుకుని రెండోసారి పోగొట్టుకునే ఓపిక లేక చేశాడు.

కొన్నాళ్లకి కోడలు పాటలు మానేసింది. ఒకరోజు పళ్లెం ముందు కూర్చుని, "ఆ మెకానిక్‌ని వేరే ఊరి దుకాణానికి మారుస్తున్నారట మామయ్యా. పెళ్లి చేసుకుని తనతో రమ్మని అడిగాడు. రానని చెప్పేశాను," అంది.

"ఎందుకమ్మా?" అన్నాడాయన. ప్రాణం లేచొచ్చింది. అలా లేచొచ్చినందుకు తనమీద తనకే రోత పుట్టింది.

"తల ఇలా ఉంటే ఎక్కడికని వెళ్తాను?" అందామె.

అప్పటినుంచి బకెట్టు నిండిపొర్లేది. ఆమె మాత్రం ఎండిపోసాగింది. పెదాలు పగిలాయి. పాపిట్లో తెల్లగా ఉప్పు పేరుకుంది, దువ్వెన పెడితే గరగరలాడుతూ రాలేది. మనిషి సగమైంది. "ఒంట్లో నీళ్లన్నీ పోతున్నాయి, ఇలాగైతే కష్టం," అన్నాడు డాక్టరు ఆయన్ని పక్కకి పిలిచి. ఆయన తల వంచుకుని వచ్చేశాడు. ఆ సాయంత్రం కథ చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. తొట్టిలో చూస్తే నీళ్లు గీతకి కాస్త కిందున్నాయి. చెప్పేశాడు.

అంత చేసినా చేప బాగుపడలేదు సరికదా, రాతి వెనక నక్కి రొప్పడం మొదలుపెట్టింది. మేత వేస్తే రాదు. ఏరా అంటే పలకదు. రంగు వెలిసి, మాసిన గుడ్డలా అయింది. నీళ్లు చాలట్లేదేమోనని ఇంకో చెంబు పోశాడు. ఇంకా రొప్పింది. సీసాలో తొట్టినీళ్లు పట్టుకుని, ఉన్నవాడు ఉన్నట్టే చేపల దుకాణానికి పరుగెత్తాడు.

పెద్దావిడ ఆ నీళ్లని గాజుగొట్టంలో పోసి, ఉప్పు కొలిచే బెండు వేసింది. మునగాల్సిన బెండు కాస్తా పైకి తన్నుకొచ్చింది.

"ఇందులో చేపని పెంచుతున్నారా, ఉప్పుచేప చేస్తున్నారా?" అంది ఆవిడ. "తగ్గినప్పుడల్లా ఏం పోస్తున్నారు?"

"ఇవే నీళ్లు. మా కోడలివి."

"అయ్యో రామా! ఉప్పునీళ్లే పోస్తున్నారా రోజూ? తగ్గేది నీళ్లండీ, ఉప్పు కాదు. నీళ్లు ఆవిరై గాల్లో కలిసిపోతాయి, ఉప్పు ఎక్కడిదక్కడే ఉండిపోతుంది. దానిమీద మళ్లీ ఉప్పు పోస్తే ఏ ప్రాణి బతుకుతుంది? మొదట పోసిందే చాలు. ఆ తర్వాత పొయ్యాల్సింది మంచినీళ్లు, రోజూ కాసిని, ఫిల్టరు నీళ్లు."

ఆయన బల్ల పట్టుకుని నిలబడ్డాడు. "మంచినీళ్లు పోస్తే... ఉన్న ఉప్పు పోదా?"

"ఎక్కడికి పోతుందండీ? మీరు ఎత్తి పారబోస్తే తప్ప ఎక్కడికీ పోదు."

దారిపొడుగునా ఆ మాటే చెవుల్లో మోగింది. ఎక్కడికీ పోదు. మరి ఇన్నాళ్లూ ఆ పిల్లని ఎందుకు పిండుకుతిన్నట్టు? ఇంటికొచ్చేసరికి చేప పక్కకి వాలి నీళ్ల మీద తేలుతోంది. కోడలు దాని ముందే కుర్చీలో కూర్చుని ఉంది. జడలోంచి ధార బకెట్టులోకి పడుతూనే ఉంది.

ఆయన వంగి బకెట్టు తీశాడు. తీసుకెళ్లి సింకులో మొత్తం వంచేశాడు.

"ఇంక తొట్టికి ఇవి అక్కర్లేదమ్మా. ఇన్నాళ్లూ నేనే తప్పు నీళ్లు పోశాను."

ఆమె తల ఎత్తింది. "నాకు తెలుసు మామయ్యా."

"ఏం తెలుసు?"

"మీరు కథ మొదలుపెట్టేముందు బకెట్టు దగ్గరికి జరిపేవారు."

ఆయన నేల మీద చతికిలబడ్డాడు. "తెలిసీ ఎందుకు విన్నావమ్మా? నోరు మూసుకోమని ఒక్క మాట అనొచ్చు కదా!"

"మీరు ఒక్కసారీ ఏడవలేదు," అందామె పగిలిన పెదాలతో. "మీది కూడా నేనే కారుతున్నానేమో అనిపించేది. కారితే కారనీ, మీకు తొట్టైనా నిండుతుంది కదా అనుకున్నాను."

మర్నాడు ఫ్రేములాయన దుకాణం తీసి, సొరుగులోంచి ఫొటో బయటికి తీశాడు. ఎప్పుడో కోసిపెట్టిన అద్దం దుమ్ము తుడిచి, చెక్క బిగించాడు. అక్కడినుంచి మెషీన్ల దుకాణానికి వెళ్లి, మెషీను కిందినుంచి మెకానిక్‌ని బయటికి పిలిచాడు.

"బాబూ, మా అమ్మాయి అప్పుడు చెప్పిన మాట కాదు, ఇవాళ చెప్పేది విను," అన్నాడు. అతని గ్రీజు చేతులు రెండూ పట్టుకున్నాడు.

ఫొటోకి మేకు కోడలే కొట్టింది. ఆ తర్వాత ఆ ఇంట్లో సాయంత్రాలు కథలు లేవు. ఆమె తల ఒక్కసారిగా ఏమీ ఆరలేదు. ముందు పాపిట దగ్గర, తర్వాత చెవుల దగ్గర, చివరికి జడ కొస.

ఆమె వెళ్లే రోజు ఊరంతా చలికి స్వెట్టర్లు తొడుక్కుని ఉంది. మెకానిక్ వ్యానులో పెట్టెలు సర్దుతున్నాడు. పంతులమ్మ కూడా శాలువా కప్పుకుని గుమ్మంలోకి వచ్చింది. గాలికి కోడలి జుట్టు పొడిపొడిగా మొహం మీదికి ఎగురుతుంటే ఆమె మాటిమాటికీ వెనక్కి తోసుకుంటోంది. అలా ఎగిరే జుట్టు ఆమెకి కొత్తయిపోయింది పాపం.

"రోజూ మంచినీళ్లు పొయ్యడం మర్చిపోకండి. నత్త ఇంకా ఉంది," అంది.

"పోస్తాలే, పోస్తాలే. నువ్వెక్కు."

ఆమె ఒక కాలు వ్యానులో పెట్టి ఆగింది. "మామయ్యా, మీ చొక్కా తడిసిందేంటి?"

ఆయనకీ అప్పుడే తెలిసింది. మెడ వెనక చల్లగా ఏదో జారుతోంది. నెత్తిన మిగిలిన నాలుగు వెంట్రుకల్లోంచి మొదలై, కాలరు తడిపి, వీపు మీదికి దిగుతోంది. ఒక చుక్క బుగ్గ మీదుగా వచ్చి పెదవి మీద ఆగింది. ఉప్పు.

"చెమటమ్మా," అన్నాడు.

"ఈ చలిలోనా?"

"మెట్లు దిగాను కదా, చెమట. ఎక్కు, ఎక్కు. అబ్బాయికి పొద్దుపోతోంది."

తలుపు ఆయనే వేసి, వ్యాను పక్క మీద అరచేత్తో రెండుసార్లు చరిచాడు. అది మలుపు తిరిగేదాకా నవ్వుతూ చెయ్యి ఊపాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. పంతులమ్మ ఆయన వెనకనుంచి కారిన మడుగు వంక చూసి, తన చెప్పులు కాస్త పక్కకి జరుపుకుంది.

"ఇప్పుడు మీదా అండీ?" అంది.

"నాదేనమ్మా."

"అయితే బకెట్టు పెద్దది చూసి పెట్టుకోండి," అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే లేవగానే ఫ్రేములాయన తన కుర్చీ కింది బకెట్టు తీసుకెళ్లి పారబోశాడు. చెంబుతో ఫిల్టరు నీళ్లు తెచ్చి, తొట్టిలో గీత దాకా పోశాడు. తర్వాత టీ పెట్టుకున్నాడు, ఒక్క కప్పే.